పడవ కొయ్యను నిలబెట్టే తీగలు

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈ పూట నేను చెప్పబోయే విషయం వింటే మీలో కొందరికి నవ్వు రావచ్చు. తెరచాప పడవలో కొయ్యను నిలబెట్టే తీగలున్నాయే, వాటిని ఎంత బిగించాలి, ఎలా బిగించాలి అన్నదే విషయం. అనంతపురంలో కూచుని పడవ కబుర్లేమిటమ్మా, బిందెడు నీళ్లకోసం కొళాయి దగ్గర వరస కట్టేవాళ్లం గదా అంటారు. నిజమే. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన, మన సీమది. మా పుట్టింటి ఊరి చెరువు నిండి మరవ పారిన సంవత్సరాలు నా చిన్నప్పటినుంచీ వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఆ చెరువులో నీళ్లకన్నా కంది చేను చూసిన రోజులే ఎక్కువ.

అయినా నాకీ విషయం నేర్చుకోక తప్పలేదు. ఎందుకంటే మా అమ్మాయి పడవలెక్కింది.

అది హైదరాబాదులో చదువుకునేటప్పుడు ఎన్.సి.సి.లో నేవీ విభాగంలో చేరింది. అక్కడ హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవలు నడపడం నేర్పుతారు. ఉత్తరాల్లో రాసేది కాదు గాని ఫోనులో చెప్పేది. నేను కూడా పిల్లలు చెరువులో ఆడుకునే ఆటలాంటిది కాబోలనుకుని ఊరుకున్నాను. ఒకరోజు సాయంత్రం దాని స్నేహితురాలు ఫోను చేసి, "ఆంటీ, మీరు కంగారు పడకండి" అని మొదలుపెట్టింది. అలా మొదలుపెడితే ఏ తల్లి కంగారు పడకుండా ఉంటుంది! గాలి బాగా వీస్తుండగా పడవ మధ్యలో కొయ్య ఒక్కసారిగా పక్కకు ఒరిగి విరిగి పడిందట. మా అమ్మాయికి నుదుటిమీద నాలుగు కుట్లు పడ్డాయి, చెయ్యి బెణికింది. ఇంకో జానెడు ఇటు పడి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కర్లేదు.

రాత్రికి రాత్రి బస్సెక్కి వెళ్లాను. కొయ్య ఎందుకు పడిందే అనడిగితే, అరచేతిలో పెట్టి ఒక వస్తువు చూపించింది. తలపిన్నంత ఉంటుంది, రెండు కాళ్ల స్టీలు కమ్మి. స్ప్లిట్ పిన్ను అంటారు, మన ఎద్దులబండి ఇరుసుకు కడశీల ఉంటుందే, అలాంటిదే. కొయ్యను పట్టుకుని ఉండే తీగ కింద ఒక మర ఉంటుంది. ఆ మర వదులు కాకుండా ఈ పిన్ను అడ్డం పెట్టాలి. ఆరోజు పొద్దున దాన్ని పెట్టడం మరిచిపోయారు. మరిచిపోయింది కూడా మా అమ్మాయే. పడవ ఊగిన ప్రతిసారీ మర కొంచెం కొంచెం తిరుగుతూ వచ్చి చివరికి ఊడింది. తీగ ఊడగానే కొయ్య పడింది.

"ఇంకపైన పడవ మాటెత్తావంటే ఊరుకోను" అన్నాను. అది ఏడవలేదు, ఎదురుచెప్పలేదు. "ఒక్కసారి వచ్చి చూడమ్మా, చూసినాక నీ ఇష్టం" అంది.

సరే, వెళ్లాను. చీరమీద ఆ నారింజరంగు జాకెట్టు తొడిగి గట్టుమీద కూచోబెట్టారు. అక్కడ పిల్లలకు నేర్పే పెద్దాయన ఒకరు, నౌకాదళంలో పనిచేసి రిటైరయినవారు, రెండు గంటలసేపు ఓపికగా నాకు అన్నీ చెప్పారు. చిల్లరకొట్టు పద్దుల పుస్తకం ఒకటి నా సంచిలో ఉంటే వెనక పేజీల్లో రాసుకున్నాను. ఆ తర్వాత పదిహేను రోజులు అక్కడే ఉండి, అమ్మాయి చెయ్యి బాగయ్యేవరకు రోజూ పోయి చూశాను. మీకు చెప్పేదంతా ఆ పుస్తకంలోది, ఆ పైన అమ్మాయిని అడిగి అడిగి తెలుసుకున్నది.

మొదట ఒక మాట. తెరచాప పడవల్లో తాళ్లు రెండు రకాలు. తెరచాపను పైకి లాగడానికి, దించడానికి, ఇటూ అటూ తిప్పడానికి ఉండేవి కదిలే తాళ్లు. కొయ్యను పడకుండా పట్టుకుని కదలకుండా నిలబడేవి రెండో రకం. మనకు ఈ రెండో రకం కొత్తేమీ కాదు. వీధి మలుపులో కరెంటు స్తంభానికి ఏటవాలుగా భూమిలోకి దిగే ఇనుప తీగ చూశారు గదా, స్టే వైరంటాం. పడవ వాళ్లూ దాన్ని స్టే అనే అంటారు, ఆ మాట వాళ్లదే. (పనిలో పనిగా చెబుతున్నాను, ఆ స్టే వైరుకు గేదెను కట్టెయ్యడం, తడిబట్టలు ఆరేయడం మానండమ్మా. మధ్యలో పింగాణీ గుడ్డు ఉంటే ఫరవాలేదనుకోకండి, అది పగిలిందో లేదో కింద నుంచి మనకు తెలియదు.)

కరెంటు స్తంభాన్ని భూమిలో పాతుతారు. పడవలో పాతడానికి భూమి లేదు. చిన్న పిల్లలు నేర్చుకునే పడవలకు, లేజర్ అనే ఒంటరి పడవకు, తీగలే ఉండవు, కొయ్యను ఒక గొట్టంలో దించితే నిలబడుతుంది. కొంచెం పెద్ద పడవకు వస్తే ఆ గొట్టం చాలదు. కొయ్య అడుగు పడవమీద ఊరికే ఆనుకుని ఉంటుంది, దాన్ని నిలబెట్టేదంతా తీగలే. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, కుడి ఎడమలకు రెండు వైపులా ఒకటో రెండో మూడో జతలు. కొన్ని చిన్న పడవలకు వెనక తీగ ఉండదు, పక్క తీగలనే కొంచెం వెనక్కు లాగి కడతారు. ముందుదాన్ని ఫోర్‌స్టే, వెనకదాన్ని బ్యాక్‌స్టే, పక్కవాటిని ష్రౌడ్లు అంటారు. పేర్లు గుర్తుండకపోయినా ఫరవాలేదు. పక్క తీగల్లో కొయ్య కొసకు పోయేదాన్ని పైతీగ అనీ, కొయ్య నడుముకు పోయేదాన్ని కింది తీగ అనీ చెప్పుకుందాం.

ఇప్పుడు అసలు చిక్కు చెబుతాను. మనం పందిరి గుంజకు తాడు కట్టి గూటం పాతుతాం. తాడు ఎంత ఎత్తున కట్టామో గూటం కూడా గుంజకు అంత దూరంలో పాతామనుకోండి. గాలి పక్కనుంచి 100 కిలోల బలంతో తోస్తే తాడుమీద పడే లాగుడు 140 కిలోల పైచిలుకు. అదే చోటు లేక గూటాన్ని ఎత్తులో ఐదోవంతు దూరంలోనే పాతామనుకోండి, అదే గాలికి తాడుమీద 500 కిలోలు దాటుతుంది. ఇక్కడితో అయిపోలేదు. ఆ లాగుడులో దాదాపు అంతా గుంజను భూమిలోకి అదమడానికే పోతుంది. పడవలో చోటెక్కడిది? కొయ్య ఇరవై అడుగులుంటే పడవ వెడల్పు ఐదారడుగులు, అందులోనూ సగమే ఒక్కో పక్కకు దక్కేది. అందుకని చూడ్డానికి నాజూకుగా, వీణ తంతిలా మెరుస్తూ కనిపించే ఆ తీగల్లో మనం ఊహించలేనంత బలం ఉంటుంది. ఆ లెక్క విన్నాక నాకు మా అమ్మాయి నుదుటిమీది కుట్లు మళ్లీ గుర్తొచ్చాయి.

ఆ కోణం మరీ సన్నం కాకుండా కొయ్య మధ్యలో రెండు పక్కలా చేతులు చాచినట్టు అడ్డకడ్డీలు పెడతారు, స్ప్రెడర్లంటారు. పైతీగ ఆ చేతుల చివరలమీదుగా దిగుతుంది. దానివల్ల పైన కోణం కొంచెం విచ్చుకుంటుంది, లాగుడు తగ్గుతుంది.

మన తెలుగువాళ్లకు ఈ తీగల విద్య ఎప్పుడో తెలుసు. రెండో శతాబ్దంలో సాతవాహనులు, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంలో, రెండు కొయ్యల ఓడ బొమ్మతో నాణేలు వేశారు. ఆ కొయ్యలను పట్టుకుని ఏటవాలుగా దిగే గీతలు కనిపిస్తాయి, అవి తాళ్లే. గోదావరి నోటిదగ్గర కోరంగిలో, తాళ్లరేవులో చెక్క ఓడలు కట్టిన కాలంలో కూడా కొయ్యను పట్టింది నార తాళ్లే. నార సాగుతుంది కాబట్టి మాటిమాటికీ బిగించుకోవలసి వచ్చేది. ఇప్పుడు స్టీలు తీగలు వచ్చాయి, అంతగా సాగవు. అలాగని వాటిని ఒకసారి బిగించి వదిలేస్తే కుదరదు.

బిగించడానికి ముందు చూడటం. ఈ చూడటమే సగం పని అన్నారు పెద్దాయన. సాధారణంగా ఈ తీగ 19 సన్నని కమ్ములు పేనినది. దానికి రెండు కొసల్లో స్టీలు గొట్టం నొక్కి పట్టు వేస్తారు. తీగ చెడితే ఆ గొట్టం నోటి దగ్గరే ముందు చెడుతుంది, అక్కడే ఉప్పునీరు నిలుస్తుంది కనక. అందుకని దూది ముద్ద తీసుకుని తీగ పొడవునా మెల్లగా రాస్తారు. ఎక్కడన్నా కమ్మి తెగి ఉంటే దూది పోగు అక్కడ పట్టుకుంటుంది. వేలితో రాయకూడదు, చీరుకుపోతుంది. ఒక్క కమ్మి తెగినా సరే ఆ తీగ పనికిరాదు. 19లో ఒకటే కదా అనుకోవడానికి లేదు, మిగిలిన 18 కూడా అదే వయసువి, అదే కష్టం పడ్డవి. గొట్టంమీద వెంట్రుకంత పగులు, ఎర్రని తుప్పు చార కనిపిస్తే కూడా అంతే. సముద్రంలో తిరిగే పడవలకయితే పైకి బాగానే ఉన్నా పదేళ్లకోసారి మొత్తం తీగలు మార్చుకోవడం మంచిదంటారు. డబ్బు ఖర్చు. కాని కొయ్య ఖరీదు ముందు అదెంత.

ఇక బిగింపు. గాలి లేని పూట, పడవ కదలకుండా కట్టేసి ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. పక్క తీగలన్నీ చేత్తో తిప్పేంత వదులు చేసుకోవాలి. మొదటి పని కొయ్యను నడిమధ్యకు తేవడం. కంటికి నిటారుగా కనిపిస్తే చాలదు, పడవే ఒక పక్కకు వాలి ఉండొచ్చు. తెరచాపను పైకి లాగే తాడు కొయ్య కొసనుంచి దిగుతుంది గదా, దాని చివర పట్టుకుని కుడివైపు తీగ పడవకు తగిలించిన చోటు తాకించి గుర్తు పెట్టుకోవాలి. అదే తాడు, అదే గుర్తు ఎడమవైపు తాకించి చూడాలి. రెండు వైపులా సమంగా వస్తే కొయ్య కొస మధ్యలో ఉన్నట్టు. రాకపోతే ఒకవైపు ఒక చుట్టు వదిలి, రెండోవైపు ఒక చుట్టు బిగించాలి. మనం ముగ్గు పెట్టేటప్పుడు దారంతో కొలుచుకునే పద్ధతే.

రెండోది కొయ్య వెనక్కు ఎంత వాలాలన్నది. అదే తాడుకు బరువు కట్టి, తాపీమేస్త్రి గుండు వేలాడేసినట్టు వేలాడేస్తే, కొయ్య మొదలుకు ఆ గుండు ఎంత వెనక దిగిందో అంతా వాలు. ముందు తీగ పొడవు పెంచితే వాలు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. వాలు ఎక్కువయితే పడవ మూతి ఊరికే గాలివైపు తిరగబోతుంది, చుక్కాని పట్టుకున్న చెయ్యి నొప్పెడుతుంది. మరీ తక్కువయితే గాలికి దూరంగా పారిపోతుంది, అది ఇంకా ప్రమాదం. ఒక రవ్వ గాలివైపు తిరగాలని చూసే పడవే మంచి పడవట. చుక్కాని చేతిలోంచి జారినా అది గాలివైపు తిరిగి ఆగుతుంది.

మూడోది పైతీగల బిగువు. దీనికి కొలిచే పరికరాలు అమ్ముతారు. కాని వడ్రంగి మడతకర్రతో చేసే పద్ధతి ఒకటి నాకు చాలా నచ్చింది. రెండు మీటర్ల కర్ర తీసుకుంటారు. తీగ వదులు పోయి ఊరికే నిటారుగా ఉన్నప్పుడు, కర్ర పైకొసను తీగకు టేపుతో గట్టిగా అంటిస్తారు. కింది కొస తీగ గొట్టం అంచుకు సరిగ్గా ఆనేలా చూస్తారు. తర్వాత మర బిగిస్తూ పోతే తీగ సాగుతుంది, కర్ర సాగదు. కింద సందు ఏర్పడుతుంది. ఈ 19 కమ్ముల స్టీలు తీగకు, రెండు మీటర్లమీద ఒక మిల్లీమీటరు సందు వచ్చిందంటే, తీగ తెగడానికి ఎంత బరువు కావాలో అందులో నూటికి ఐదు వంతుల బిగువు వచ్చినట్టు. మూడు మిల్లీమీటర్లు వస్తే 15 వంతులు. పైతీగలకు 15 నుంచి 20 వంతులదాకా పెడతారు. 5 మిల్లీమీటర్ల మందం తీగ తెగాలంటే సుమారు రెండు టన్నుల బరువు కావాలి, అందులో 15 వంతులంటే 300 కిలోలు. గాలి ఇంకా రానే లేదు, తెరచాప ఎత్తనే లేదు, అప్పుడే మూడు క్వింటాళ్ల లాగుడు! ఒకవైపే ఏకబిగిన బిగించకూడదు. కుడివైపు రెండు చుట్లు, ఎడమవైపు రెండు చుట్లు, అలా మారుస్తూ పోవాలి.

ఇంత బిగువెందుకు, కొంచెం వదులుగా ఉంటే తీగకు సుఖం కాదా అని అడిగాను. ధర్మవరంలో మా పెద్దమ్మ కూతురి ఇంట్లో మగ్గం ఉంది. ఊరికొచ్చాక అదే మాట ఆమెతో అంటే నవ్వింది. "యాడన్నా అట్లుంటుందా అక్కా! పడుగు వదులైతే గుడ్డ ముడతలు పడుతుంది, నాడె పోయేదానికే దారుండదు. శానా బిగిస్తే పోగు తెగుతాది. ఆ రెంటికీ నడుమ చెయ్యి చెప్పల్ల" అంది. పడవ తీగ కథ కూడా అంతే. వదులు తీగ అలకు అలకు ఒక కుదుపు తింటుంది. పిల్లలు ఇనుపకమ్మిని అటూ ఇటూ వంచి విరిచినట్టు, ఆ కుదుపులకే అది లోపల్లోపల చచ్చిపోతుంది. అతిగా బిగిస్తే ఇంకో చేటు. తీగలన్నీ కొయ్యను కిందికి అదుముతాయి, ముందూ వెనకా తీగలు పడవ రెండు కొసల్నీ పైకి గుంజుతాయి. పడవ విల్లయి, కొయ్య బాణమయి, అడుగును పొడుచుకుని పోతానంటుంది. నిజంగా పాత చెక్కపడవల్లో అలా అతుకులు విడి నీళ్లు కారతాయట.

పైతీగల తర్వాత కింది తీగలు. వాటికి అంత బిగువు అక్కర్లేదు. కొయ్య మొదట్లో నిలబడి, తెరచాప దూరే గాడివెంట ఒక కన్ను మూసి పైకి చూడాలి. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు చూడాలన్నమాట. గాడి తిన్నగా కనిపించాలి. నడుము ఒక పక్కకు పోయి ఉంటే ఆ రెండో పక్క కింది తీగను కొంచెం బిగించాలి. ఆఖరున వెనక తీగ. అది బిగిస్తే ముందు తీగ కూడా బిగుస్తుంది. ముందు తెరచాప ఆ తీగకే వేలాడుతుంది కాబట్టి, అది సడలితే తెరచాప కడుపు ఉబ్బుతుంది, పడవ గాలికి ఎదురు పోలేక పక్కకు జారుతుంది.

ఇంతవరకు చేసింది గట్టుమీది పని. ఆ తర్వాత నీళ్లమీదికి తీసుకుపోయి చూడాలి. గాలి గంటకు 28 కిలోమీటర్ల దరిదాపుల్లో ఉండాలి, పడవ ఒక పక్కకు 20 డిగ్రీలు ఒరగాలి. ఉత్త గాలికి లోపం బయటపడదు, పెనుగాలిలో సరిచేసుకునే తీరిక ఉండదు. గాలి వచ్చే వైపు తీగలు బరువంతా మోస్తుంటాయి. రెండో వైపు తీగలు కొంచెం సడలుతాయి, అది సహజం. కాని అవి పందిట్లో తోరణంలా ఊగుతుంటే మాత్రం బిగువు చాలలేదన్నమాట. అప్పుడు ఆ సడలిన వైపే ఒకటో రెండో చుట్లు బిగించాలి, ఎన్ని చుట్లో లెక్క పెట్టుకోవాలి. పడవను తిప్పి గాలిని రెండో వైపునుంచి తీసుకుని, ఇప్పుడు సడలిన రెండో తీగను సరిగ్గా అన్నే చుట్లు బిగించాలి. బరువు మోస్తున్న తీగ మరను మాత్రం ఎన్నడూ తిప్పకూడదు. మర పళ్లు కరిగి పట్టుకుపోతాయి.

మళ్లీ గాడివెంట పైకి చూడాలి. కొయ్య కొస గాలి పోయే వైపుకు వాలి, నడుము నిలబడి ఉంటే పైతీగ వదులని అర్థం. కొస నిలబడి, నడుము గాలి పోయే వైపుకు కుంగితే కింది తీగ వదులు. రెండు మూడు వంకరలు పోయి పాములా కనిపిస్తే మొదటికి వచ్చి అన్నీ సడలించి మళ్లీ మొదలుపెట్టడమే మేలట. వదులు కనిపించిన ప్రతిచోటా బిగించుకుంటూ పోతే, సాయంత్రానికి అన్నీ అతిగా బిగిసి కూచుంటాయి. కొత్త తీగలయితే మొదటి రెండు మూడు ప్రయాణాల తర్వాత కుదురుకుని కొంచెం సాగుతాయి, మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

ఆఖరికి పిన్నులు. ప్రతి మరకూ పైన ఒకటి, కింద ఒకటి. దూర్చి, కాళ్లు కొంచెం విడదీసి, మొన తెరచాపకు గీసుకోకుండా టేపు చుట్టాలి. కాళ్లు మరీ వెనక్కు మడవకూడదు, అవసరానికి ఊడి రావాలి గదా. మా అమ్మాయి ఇప్పుడు ఒకసారి తను చూసి, ఇంకొకరిచేత చూపించి, లెక్కపెట్టించి గాని గట్టు విడవదట. నుదుటిమీద గుర్తు ఉన్నదానికి ఒకరు చెప్పాలా.

ఇంత నేర్చుకున్నాక నా భయం పోయిందా అంటే, లేదు. రూపం మారిందంతే. కొయ్యలు విరగడం తెలియక చేసేవాళ్లకే జరుగుతుందనుకుంటే పొరపాటు. కమాండర్ అభిలాష్ టోమీ 2012-13లో ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా భూమి చుట్టి వచ్చిన మొదటి భారతీయుడు. ఆయనకన్నా తెలిసినవారెవరు? 2018 సెప్టెంబరు 21న హిందూ మహాసముద్రం దక్షిణాన తుఫానులో ఆయన పడవ దొర్లి కొయ్య విరిగింది. వెన్నుకు దెబ్బ తగిలి కదలలేక పడి ఉంటే, మూడు రోజులకు ఫ్రాన్సు ఓడవాళ్లు వచ్చి కాపాడారు. తీగలు ఎంత సరిగ్గా ఉన్నా ఒక్కోసారి సముద్రానిదే పైచేయి అవుతుంది. ఆయన అదే పందెంలో మళ్లీ పోయి 2023లో రెండో స్థానంలో వచ్చారనుకోండి, అది వేరే సంగతి. మొదటి స్థానం దక్కింది ఎవరికో తెలుసునా? దక్షిణాఫ్రికా మహిళ కిర్‌స్టెన్ నాయ్‌షేఫర్‌కి.

మన ఆడపిల్లల సంగతీ చెప్పాలి. నౌకాదళం వాళ్ల తారిణి అనే పడవ 2017 సెప్టెంబరు 10న గోవానుంచి బయల్దేరి, భూమి చుట్టి 2018 మే 21న తిరిగొచ్చింది. పడవలో ఉన్నది ఆరుగురూ స్త్రీలే. నాయకత్వం వర్తికా జోషిది. ఆ ఆరుగురిలో ఇద్దరు మనవాళ్లు, విశాఖపట్నం పిల్ల పి. స్వాతి, హైదరాబాదు పిల్ల బి. ఐశ్వర్య. 254 రోజుల ప్రయాణం. పసిఫిక్ సముద్రంలో గంటకు 100 కిలోమీటర్లు దాటిన గాలులు తగిలాయి. ఆ పడవ పొడవు 55 అడుగులు, కొయ్య ఎత్తు సుమారు 25 మీటర్లు, అంటే మన వీధి కరెంటు స్తంభాలు మూడు ఒకదానిమీద ఒకటి నిలబెట్టినట్టు. పందిరి గుంజ లెక్క వేసుకుని చూడండి, ఆ తీగలమీద ఏమి పడి ఉంటుందో! అదే తారిణిలో 2024 అక్టోబరు 2న దిల్నా, రూపా అనే ఇద్దరే ఇద్దరు అధికారిణులు బయల్దేరి 2025 మే 29న తిరిగొచ్చారు. వాళ్లకు శిక్షణలో తోడు నిలిచింది ఆ అభిలాష్ టోమీయే.

ఈ సంగతులన్నీ మా అమ్మాయి ఒకేసారి చెప్పలేదు. విశాఖపట్నంనుంచి సముద్రంమీద పదిరోజుల ప్రయాణానికి తనకు పిలుపు వచ్చిన రోజు చెప్పింది. వాళ్ల నాన్న పేపరు మడిచిపెట్టి, "మీ అమ్మ నడుగు" అన్నారు. మగవాళ్లకు ఇది బాగా తెలిసిన విద్య.

నేను వెంటనే ఏమీ చెప్పలేదు. ఆ వారం పుట్టింటికి పోయాను. అక్కడ గుట్టమీద, గాలిమరలు పెట్టకముందు గాలి ఎంత వీస్తుందో కొలవడానికని నిలబెట్టిన సన్నని స్తంభం ఒకటి ఉంది. చుట్టూ తీగలు కట్టి నిలబెట్టింది. ఎన్ని ఏళ్లుగా చూస్తున్నానో, ఎప్పుడూ దాని మొదట్లోకి పోలేదు. ఆషాఢం గాలి, చీర కొంగు నిలవడం లేదు. మేకలు ఆ తీగలకింద మేస్తున్నాయి. పోయి ఒక్కొక్క తీగ కింద మర చూశాను. మూడింటికి అడ్డం కమ్మి ఉంది, ఒకదానికి లేదు. ఆ తీగ చేత్తో ఊపితే తక్కినవాటికన్నా మెత్తగా ఊగింది. మేకలు కాసే ఆయన నన్ను వింతగా చూసి, "ఏం చూస్తాండావమ్మా?" అన్నాడు. చెప్పాను. స్తంభం కావలివాడికి కబురు పంపాడు, రెండు రోజుల్లో మనుషులొచ్చి సరిచేసి పోయారట. దానికి పెద్ద గొప్పేమీ లేదు గాని, ఆ మర ముందు వంగి నిలబడ్డప్పుడు నాకొకటి తెలిసింది, నా కన్ను ఇప్పుడు ఎక్కడ చూడాలో అక్కడే చూస్తోందని. మా అమ్మాయి కన్ను నాకన్నా వందరెట్లు చూస్తుంది గదా.

ఆ రాత్రే ఫోను చేసి పొమ్మన్నాను.

పాతూరులో ఇనుప సామాన్ల కొట్టుకు పోయి దూది చుట్ట ఒకటి, నల్ల టేపు రెండు, రకరకాల సైజుల్లో స్ప్లిట్ పిన్నులు ఒక డబ్బా నిండా కొని పార్శిలు కట్టి పంపాను. దూదికి ఇనుప కొట్టేమిటంటారా, ఆ పక్కనే మందుల షాపు. నాలుగో రోజు అమ్మాయి ఫోను చేసింది. "అమ్మా, దూది, టేపు వాడుకుంటాను. పిన్నులు మాత్రం ఇనపవి పంపినావు. ఉప్పునీళ్లకు వారంలో తుప్పు పడతాయి, స్టీలువే పెట్టాలి" అంది. వచ్చేటప్పుడు ఆ డబ్బా తిరిగి పట్టుకురమ్మన్నాను. మా తమ్ముడి ట్రాక్టరుకు పనికొస్తాయి.